సింధూరం పెట్టుకున్న స్పెక్ట్రోమీటరు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు ఎవరైనా "మేడం ఎంత శాంతంగా ఉంటారో" అంటే నా లోపల ఎవరో కిసుక్కున నవ్వినట్టుంటుంది. ఆ నవ్వేది ఎవరో నాకు బాగా తెలుసు. బీఎస్సీ కెమిస్ట్రీ పట్టా చేతికి రాగానే గాజువాక వైపు ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో చేరి, సముద్రపొడ్డున ఉన్న మా పేట నుంచి రెండు బస్సులు మారి వెళ్ళొచ్చే పిల్ల. బస్సులో ఎవరైనా చేపల వాసనని ముక్కు మూసుకుంటే, "అవునండి, ఇవాళ నెత్తళ్ళు, రేపు వంజరం" అని చెప్పి మరీ వాళ్ళ పక్కనే నిలబడేది. మొహమాటమంటే ఏమిటో దానికి తెలీదు. నాకు ఇప్పుడు కొంచెం ఎక్కువే తెలుసు.

మా ల్యాబుకి ఆటోనగర్ వర్క్‌షాపుల నుంచి ఉక్కు ముక్కలు వచ్చేవి. వాటిలో ఏముందో చెప్పడం మా పని. నిజానికి చెప్పేది మేం కాదు, మా ఎక్స్‌రే స్పెక్ట్రోమీటరు. దాని లోపల చిన్న కప్పులో శాంపిల్ పెట్టి మూత వేస్తే అది ఎక్స్‌రేలు వేస్తుంది. అప్పుడు శాంపిల్లో ఉన్న దాదాపు ప్రతి మూలకమూ తన గుర్తు తాను చెప్పుకుంటుంది. తెర మీద ఏ చోట గీత పైకి లేచిందో చూస్తే ఇది ఇనుము, ఇది సీసం, ఇది కాల్షియం అని తెలిసిపోతుంది. ఎవరు తెచ్చారు, వాళ్ళ హోదా ఏమిటి అని అది అడగదు. చేరిన మొదటి రోజే ఆ యంత్రం నాకు తెగ నచ్చేసింది.

ఇక మా సారు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఫ్యూజు మార్చాలన్నా రాహుకాలం చూసేవారు కాబట్టి మేం ఆయన్ని చాటుగా ముహూర్తం సారు అనేవాళ్ళం (చాటు అనుకున్నది మేమే, ఆయనకి తెలుసు). ఆంజనేయస్వామికి పరమభక్తుడు. ఆ ఏడు దసరా ఆయుధపూజకి యంత్రానికి బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, బజారులో కొన్న నారింజరంగు సింధూరాన్ని నూనెలో కలిపి బొట్లు పెట్టడం మొదలుపెట్టారు. తెరకి ఒకటి, మీటకి ఒకటి, తలుపుకి ఒకటి. అంతటితో ఆగకుండా మూత ఎత్తి, లోపల కప్పు కూర్చునే పళ్ళెం అంచుకి కూడా ఒకటి.

"సార్, లోపలెందుకు?" అన్నాను.

"ఆయ్, పని చేసేది లోపలే కదమ్మా."

"మా పేటలో పడవకి మేమూ బొట్టు పెడతాం సార్. దిక్సూచి అద్దం మీద పెట్టం."

"నీకు నోరెక్కువమ్మా," అని, వచ్చే అమావాస్య దాకా ఆ బొట్లు ఎవరూ తుడవకూడదని ఆజ్ఞ వేసి, ప్రసాదం పంచారు. చక్రపొంగలి బాగుంది. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

పండగ వెళ్ళాక మా అత్త మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. అత్తంటే మా నాన్నకి అక్క. ఒడ్డున ఇసుక మీద పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబెట్టి అమ్ముకునేది. గాలీ ఎండా రెండూ బాగా తగిలే ఆ చోటు ఆమెకి వాళ్ళ అత్తగారి నుంచి వచ్చింది. ఈమధ్యే ఆ చోటుని ఆనుకున్న గోడ అవతల, ఎవరిదో ప్రైవేటు యార్డులో ముడి ఇనుము గుట్టలు పోశారు. అప్పట్నుంచి గాలి తిరిగితే చాలు, వెండిలా మెరిసే నెత్తళ్ళ మీద నల్లటి పొడి. కొనేవాళ్ళు వేలితో గీసి చూసి వెళ్ళిపోతున్నారు. పేట పెద్దలు అడగబోతే యార్డు మేనేజరు వాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "మా దుమ్ము కాదండీ, ఆవిడ పొయ్యి మసి. ఆవిడ చోటు మారితే సరిపోతుంది" అన్నాడట. పొయ్యి ఆ పక్కనే ఉన్నమాట నిజమే. పెద్దలు సగం నమ్మారు. ఆదివారం సాయంత్రం అందరూ కూర్చుని తేల్చేస్తామన్నారు. మసే అని తేలితే అత్త ఆ చోటు వదిలేసి పోవాలి.

"ఓలె గుంటా, నా పొయ్యి మసంట. నెత్తళ్ళు ఎండెట్టడం నాకు ఆడు నేర్పుతాడేటే," అంది అత్త. మాట గట్టిగానే ఉంది గానీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "దేన్లో ఏటున్నాదో నీ మిసను సెప్తాదంటావు గదా. అడగవే దాన్ని."

"అడుగుతానత్తా. అడక్కుండా ఊరుకుంటే నా సదువెందుకు," అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నెత్తళ్ళ మీది నలుపుని కుంచెతో దులిపి పాత కాఫీ డబ్బాలో పోశాను. పొయ్యి గోడకి పట్టిన మసి ఒక పొట్లం కట్టాను. మూడోదాని కోసం యార్డు గేటు ముందు రోడ్డు మీద కూర్చుని దుమ్ము ఎత్తుతుంటే వాచ్‌మన్ వచ్చి, "ఏటి పిల్లా, ఏటి సేత్తన్నావ్?" అన్నాడు. "ముగ్గుకి," అన్నాను. "నల్ల ముగ్గేటి?" అన్నాడు. "మా పేటలో అంతే," అని పొట్లం ముడివేసుకుని వచ్చేశాను.

సారు మొదట ఒప్పుకోలేదు. "యార్డు వాళ్ళు మనకి కావలసిన పార్టీ అమ్మా, మనకెందుకీ గొడవ" అన్నారు. భోజనాల వేళ యంత్రం ఖాళీగానే ఉంటుంది కదా, నా భోజనం మానేసి నడుపుకుంటానని మొండికేశాను. "సరే నీ ఇష్టం, మసే అని తేలితే మాత్రం మళ్ళీ నోరెత్తకూడదు" అని క్యారేజీ విప్పుకున్నారు. కాఫీ డబ్బా పొడి పెట్టాను. తెర మీద ఇనుము గీత కొబ్బరిచెట్టంత లేచింది. ఎగిరి గంతేద్దామనుకునేసరికి, కాస్త పక్కన సీసం గీత కూడా లేచి నిలబడింది. సారు పెరుగన్నం చేత్తోనే వచ్చి చూశారు. "ఈ ముడి ఇనుములో ఇంత సీసం ఉండదమ్మా. ఏ రంగు డబ్బాలోనో తెచ్చుంటావు, శాంపిల్ పాడైంది," అన్నారు. అక్కడితో ఆగారా, ఆ సాయంత్రమే యార్డు మేనేజరుకి ఫోన్ చేసి, "మా పిల్లేనండి, తెలీక ఏదో చేసింది, ఆ పరీక్ష తప్పు లెండి" అని నా ముందే చెప్పారు.

మర్నాడు మసి పెట్టాను. అందులో ఇనుము లేదు, సీసం ఉంది. గేటు దుమ్ము పెట్టాను. ఇనుముంది, సీసమూ ఉంది. మూడింటికీ ఒకటే జబ్బేమిటని చిర్రెత్తి ఖాళీ కప్పు పెట్టి నడిపాను. ఏమీ లేని కప్పులో కూడా సీసం. మూత ఎత్తి చూస్తే యంత్రం వేడికి నూనె పలచబడి, స్వామివారి సింధూరం పళ్ళెం చుట్టూ చక్కగా పాకి ఉంది. సారు పూజ బల్ల మీది భరిణ నుంచి చిటికెడు సింధూరం తీసి విడిగా పెట్టాను. సీసం గీత తెర దాటిపోయింది.

సారుని పిలిచి చూపించాను.

"దసరా నుంచి ఆటోనగర్ వాళ్ళందరినీ సీసం కలిసిన తుక్కు కొంటున్నారని తిడుతున్నారు కదా సార్," అన్నాను.

"తుడిచెయ్యమ్మా."

"అమావాస్య ఇంకా రాలేదు సార్."

"తుడవమంటున్నానా."

"మీరే తుడవండి. స్వామి మీ మాటయితే వింటాడు."

ఆయనే తుడిచారు, స్పిరిట్ గుడ్డతో, పెదవులు కదుపుతూ. మళ్ళీ ఖాళీ కప్పు పెడితే ఏమీ రాలేదు. మూడు శాంపిళ్ళూ మళ్ళీ నడిపాను. అత్త పొయ్యి మసిలో కట్టెల బూడిద తాలూకు పొటాషియం, కాల్షియం తప్ప చెప్పుకోదగ్గ ఇనుము లేదు. నెత్తళ్ళ మీది పొడి, గేటు దుమ్ము మాత్రం కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఆదివారం మీరూ రావాలి సార్," అన్నాను. "పరీక్ష తప్పని ఫోన్లో చెప్పింది మీరు."

"ఆదివారం సాయంత్రం రాహుకాలమమ్మా."

"మా అత్త నెత్తళ్ళకి ఎప్పట్నుంచో రాహుకాలమే నడుస్తోంది సార్," అని బ్యాగు తగిలించుకుని వచ్చేశాను. ఆయన వస్తారని నేననుకోలేదు.

ఆదివారం పడవల పక్కన అందరూ చేరారు, యార్డు మేనేజరు కూడా వచ్చాడు. అత్త పొద్దున్నించీ అన్నం ముట్టలేదు. నేను మూడు కాగితాలూ ఇసుక మీద పరిచి, ఎగిరిపోకుండా వాటి మీద రాళ్ళు పెట్టాను. "తాతా, ఇనుము లేచే సోటు ఇది," అని పేట పెద్దల్లో పెద్దాయనకి వేలితో చూపించాను. "అత్త పొయ్యిలో ఇది లేదు. సేపల మీదున్నాది. ఆళ్ళ గేటు కాడున్నాది." మేనేజరు నవ్వాడు. "ఈ అమ్మాయి సారే పరీక్ష తప్పన్నారండి. కావాలంటే ఫోన్ కలపనా?" అన్నాడు. పెద్దాయన నా వైపు చూశాడు, అత్త కూడా నా వైపే చూసింది. సరిగ్గా అప్పుడు రోడ్డు మీద స్కూటరు ఆగింది. బూట్లు చేత్తో పట్టుకుని, ఇసుకలో తడబడుతూ ముహూర్తం సారు వస్తున్నారు, నడి రాహుకాలంలో.

"ఆయ్, తప్పు నాదండి," అన్నారు వస్తూనే. "యంత్రం లోపల సింధూరం పెట్టింది నేను. అమ్మాయి చేసిన పరీక్ష సరైనదే. ఆ నలుపు ముడి ఇనుమేనండి, ఈవిడ పొయ్యిది కాదు."

"మిసనుకి బొట్టెట్టినారా? మంచి పనే సేసినారు," అన్నాడు పెద్దాయన. కాసేపు ఆలోచించి, "అయితే లోపలెందుకెట్టినారు బాబూ?" అన్నాడు. నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. సారు వైపు చూస్తే నవ్వు ఆగేది కాదు.

తర్వాత పెద్దాయన మేనేజరుతో, "ఈవిడ సోటు ఈవిడదే. కదలాల్సింది మీ గుట్టలు," అని లేచిపోయాడు. గుట్టలు కదలడానికి చాలా కాలం పట్టింది గానీ, ముందు వాటి మీదకి టార్పాలిన్లు వచ్చాయి. అత్త మాత్రం కదల్లేదు. ఆ సాయంత్రం నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చి, సారు చేతిలో పెద్ద నెత్తళ్ళ పొట్లం పెట్టింది. ఆయన శుద్ధ శాకాహారి. కాదనలేక రెండు చేతులా పుచ్చుకుని, మర్నాడు ల్యాబుకి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇందులో ఏముందో చూడమ్మా" అన్నారు. ఉప్పు ఎక్కువైందని రాత్రి తిన్నాక తెలిసింది.

ఇప్పుడు మధురవాడలో అపార్టుమెంటులో ఉంటున్నాను. ఈ మధ్య పక్క స్థలంలో కట్టుబడి మొదలైంది. మా బాల్కనీ నిండా తెల్లటి దుమ్ము. వెళ్ళి అడిగితే సైటు మనిషి, "మీ ఇంట్లో పిండి జల్లించుకుంటారేమో మేడం," అన్నాడు. "ఈ వయసులో మనకెందుకు, కిటికీ మూసుకో," అన్నారు మా ఆయన. మూసుకున్నాను కూడా. మూసిన అద్దంలో నెరిసిన జుట్టుతో ఒకావిడ కనిపించింది, చాలా శాంతంగా. చూసే కొద్దీ ఆవిడ నాకు నచ్చలేదు. వంటింట్లోకి వెళ్ళి కాఫీ డబ్బా ఖాళీ చేసి కిందికి దిగాను.

గేటు ముందు కూర్చుని (మోకాళ్ళు కలుక్కుమన్నాయి) దుమ్ము ఎత్తుతుంటే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి మేడం, ఏటి సేత్తన్నారు?"

"ముగ్గుకి," అన్నాను.