నలభై ఒక్క పచ్చ లైట్లు

2022 జూన్ 6, సోమవారం. భిలాయిలో ఒక కాంట్రాక్టు కంపెనీకి నేను సిస్టమ్స్ ఇన్‌చార్జిని. కుమ్హారి దారిలో మేము కడుతున్న షెడ్డు గేటు పాసులను కంప్యూటర్ మీదికి మార్చే పని ఆ రోజు నాకు అప్పగించారు. అక్కడ పద్దెనిమిది మీటర్ల ఎత్తున రేకులు బిగించాలి. పైకెక్కే ప్రతి మనిషికీ మా క్లినిక్ డాక్టరు బీపీ చూసి, ఫిట్ అని సంతకం పెట్టాలి. అది లేనిదే హైట్ పాస్ లేదు.

కొత్త పద్ధతిలో గేటు ప్రోగ్రాము ఆ సంగతిని నెట్ ద్వారా క్లినిక్ ప్రోగ్రామును అడిగి తెలుసుకుంటుంది. అలా అడిగేందుకు పెట్టిన ఏర్పాటును వెబ్ ఏపీఐ అంటారు. దాన్ని పిలిచే కోడు రాసింది వివేక్. రాయ్‌పూర్ కన్సల్టెంటు, హోదా సొల్యూషన్ ఆర్కిటెక్టు. అతను వాడింది టైప్ సేఫ్ క్లయింట్ లైబ్రరీ. అంటే జవాబులో ఏ గడిలో ఏ రకం విలువ రావాలో ముందే బిగించి ఉంటుంది. దానికి విరుద్ధంగా రాస్తే కంపైలరు, అంటే కోడును పరీక్షించి తయారుచేసే ప్రోగ్రాము, ఒప్పుకోదు.

మొదటి మీటింగులో అతను ‘టైప్ సేఫ్’ అన్న మాట పదకొండుసార్లు అన్నాడు. లెక్కపెట్టాను. "గలతీకి ఛాన్సే లేదు మేడమ్‌జీ, కంపైలర్ రోక్ దేగా" అని, తప్పుంటే కంపైలరే ఆపేస్తుందని భరోసా ఇచ్చాడు. ఆరు పేజీల కోడులో నాలుగు చదివి, రివ్యూ కాగితం మీద నేను సంతకం పెట్టాను.

జూన్ 20 ఉదయం మొదటిసారి నడిపాం. తెర మీద నలభై ఒక్క పేర్లు, నలభై ఒక్క పచ్చ లైట్లు, అంటే అందరికీ పాస్. వివేక్ తెరను ఫొటో తీసి మేనేజరుకు పంపాడు. నేను క్లినిక్‌కు ఫోన్ చేసి రిజిస్టరులో మొత్తాలు అడిగాను. చూసినవాళ్లు నలభై ఒక్కరు, ఫిట్ ముప్పై ఎనిమిది.

"ముగ్గురికి రీచెక్ దీదీ. బీపీ ఎక్కువుంది. మూడ్రోజులాగి రమ్మన్నారు డాక్టర్ సాబ్" అంది నర్సు.

ఏ జవాబులు రావచ్చో చెప్పే ఏపీఐ పత్రంలో ఉన్నవి రెండే: ఫిట్, అన్‌ఫిట్. క్లినిక్ వాళ్లు మాత్రం రిజిస్టరులో ఎన్నాళ్లుగానో రాసుకుంటున్న రీచెక్‌ను కొత్త ప్రోగ్రాములోనూ చేర్చి, మాకు చెప్పలేదు. పత్రంలో లేని విలువ వస్తే ఏం చేయాలని కోడు రాసేటప్పుడే కంపైలరు వివేక్‌ను అడిగింది. అడగడం దాని ధర్మం. ‘ఫిట్ అనుకో’ అని అతను ఒక్క పంక్తిలో జవాబు రాశాడు. కంపైలరు ఊరుకుంది. ఆ పంక్తి నేను చదవని పేజీల్లో ఉంది.

ముగ్గురిలో ఇద్దరు ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. మూడోవాడు, క్యాంప్ 2 బస్తీలో ఉండే అప్పలనాయుడు, అప్పటికే సగం నిచ్చెన ఎక్కేశాడు. సేఫ్టీ ఆఫీసరు చేత దింపించాను. నేరుగా నా మీదికి వచ్చాడు.

"ఏటమ్మా, మిషను హరీ బత్తీ ఇచ్చీసింది గదా, మద్దిలో నీకేటి? మూడ్రోజుల హాజిరీ నువ్వేస్తావా?"

హాజరు పడకపోతే అతనికి ఆ రోజుల కూలి రాదు. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగాను.

"తిరిగితే తిరుగుతాయి. అట్టుకుంటాన్లే."

ఆ మాట అనేటప్పుడు అతను నిచ్చెన పట్టుకునే ఉన్నాడు.

‘టైప్ సిస్టమ్‌లో ఎలాంటి లోపం లేదు’ అని వివేక్ నివేదిక ఇచ్చాడు. ఆ నివేదిక కూడా టైప్ సేఫే. ప్రతి గడీ నిండి ఉంది, జరిగిన సంగతి మాత్రం ఎక్కడా లేదు. దానికి నేను ఒక పేజీ జతచేశాను. తెలియని జవాబు వస్తే పాస్ ఇవ్వకూడదని అందులో రాశాను. రెండు పేజీలు చదవకుండా సంతకం పెట్టానని కూడా రాశాను. మొదటిది అమలు చేశారు. రెండోది కొట్టేయమని మేనేజరు అడిగారు. కొట్టేయలేదు.

జూన్ 23న అప్పలనాయుడు మళ్లీ క్లినిక్‌కు వెళ్లాడు. ఆ రోజూ ఫిట్ కాలేదు.

అలాంటి లైబ్రరీ జవాబు ఆకారాన్ని కాపాడుతుంది, అందులో సందేహం లేదు. ఆకారంలో ఇమడని జవాబు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మనిషే రాస్తాడు. అలా రాసినవాడినీ, చదవకుండా సంతకం చేసినవాళ్లనూ ఏ కంపైలరూ ఆపదు.