అరిపాదం చెప్పిన ఉష్ణోగ్రత

తెలంగాణ ఏర్పడిన నాలుగో ఏడు, ఏప్రిల్ నెలలో నన్ను మహబూబ్‌నగర్‌కు సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. ఆ చుట్టుపక్కల దవాఖానల ఏసీలను ఏడాది ఒప్పందం మీద మా కంపెనీ చూసుకునేది. నా పైన హైదరాబాద్‌లో ఒక సర్వీస్ ఇంజనీరు ఉండేవాడు. ఇక్కడ నేనొక్కణ్ణే.

ఎండాకాలంలో మాకు వచ్చే ఫిర్యాదు ఒకటే: గది చల్లబడటం లేదని. నారాయణపేట వైపు ఒక దవాఖాన నుంచి మాత్రం దానికి తలకిందులుగా వచ్చింది. పసిపిల్లల వార్డులో చలి ఎక్కువైందట. నెలలు నిండకుండా పుట్టినవాళ్లను, బరువు తక్కువవాళ్లను ఉంచే గది అది. అక్కడ గాలి ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి.

మొదటిసారి వెళ్లి ఫిల్టర్లు కడిగాను. ఇరవై ఆరుకు పెట్టిన ఏసీ మీద గది వేడి అంకె ఇరవై ఏడు చూపిస్తోంది. ‘సరిగా పనిచేస్తున్నది’ అని రిపోర్టు రాసి సంతకం చేశాను. వారం తిరక్కుండానే మళ్లీ పిలిచారు. ఈసారి గ్యాస్ ప్రెషరు, కంప్రెసర్ తీసుకునే కరెంటు చూశాను. గది వేడిని పసిగట్టే సెన్సర్‌ను విప్పి మంచునీళ్లలో ముంచి మీటరుతో కొలిచాను. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. కంప్రెసర్ ఆగకుండా తిరగడం గమనించాను గానీ, బయటి ఎండకు అంతేలే అనుకున్నాను. రెండోసారీ అదే రిపోర్టు రాశాను.

మూడోసారి పిలిచినప్పుడు విసుగుతో వెళ్లాను. ఆ వార్డు స్టాఫ్ నర్సు సుగుణ సిస్టర్‌కు నలభై ఏళ్లుంటాయి. రిపోర్టు చూపించబోతే చేత్తో ఆపింది.

“గా కాగితం జర పక్కకు పెట్టుండ్రి సార్. చేతులు కడుక్కొని లోపటికి రాండ్రి.”

మోచేతుల దాకా కడుక్కుని, గౌను వేసుకుని వెళ్లాను. మూలనున్న తొట్టిలో కిలోన్నర కూడా లేని ఆడపిల్ల పడుకుని ఉంది. తల్లి మొగులమ్మ పక్కనే నిలబడింది. సిస్టర్ నన్ను వేళ్ల వెనకవైపుతో పాప పొట్ట తాకమంది. వెచ్చగా ఉంది. తర్వాత అరిపాదం తాకమంది. అది నా బొటనవేలంత కూడా లేదు. చల్లగా ఉంది.

“పొట్ట ఎచ్చగుండి కాళ్లు సల్లబడ్డయంటే పిల్లకు చలి మొదలైనట్టు. పొట్ట గూడ సల్లబడ్డదంటే మనం ఆలస్యం చేసినట్టు. పది దినాలైంది, గీ పిల్ల బరువు పెరుగుతలేదు. తాగిన పాలన్నీ ఒళ్లు ఎచ్చగుంచుకునేటందుకే పోతున్నయి.”

“ఏసీ ఆపి చూశారా?” అని అడిగాను.

“ఆపితె ఉడుకుతరు, పెడితె సల్లబడ్తరు. గీ మూలకు ఇరవై మూడు గూడ ఉండది, చూస్కోండ్రి.”

నా థర్మామీటరు ఆ తొట్టి పక్కన పెట్టి పావుగంట ఆగాను. ఇరవై రెండున్నర. సిస్టర్ ఒక్కో తొట్టి దగ్గర ఆగి, పిల్ల పాదం తాకి, అంకె చెబుతూ పోయింది. వెనకాలే నేను కొలుస్తూ పోయాను. ఏడు తొట్లలో ఎక్కడా ఆమె చెప్పినదానికీ నా థర్మామీటరుకూ అర డిగ్రీకి మించి తేడా రాలేదు. నా సంచిలో ఉన్న ఏ పరికరమూ అంత త్వరగా చెప్పలేదు.

మరి ఏసీకి ఇరవై ఏడు ఎక్కడ కనిపిస్తోంది? నిచ్చెన ఎక్కి, గది గాలిని లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర ముఖం పెట్టాను. చెంపకు వేడి తగిలింది. కిందికి చూస్తే సరిగ్గా నా కిందే వార్మర్ ఉంది. బాగా నలతగా ఉన్న పిల్లలకు పైనుంచి వేడినిచ్చే మంచం అది. ఆక్సిజన్ గొట్టం అందడానికి పన్నెండు రోజుల కింద అక్కడికి జరిపారట. దాని వేడి పైకి లేచి జాలీ వెనకున్న సెన్సర్‌కు తగులుతోంది. గదంతా వేడిగా ఉందనుకుని ఏసీ ఆగకుండా చల్లదనం తోస్తోంది. ఆ చల్లదనమంతా అవతలి మూలకు దిగుతోంది. యంత్రంలో తప్పు లేదు. అది ఎక్కడ కొలుస్తున్నదో చూడకపోవడమే నా తప్పు.

వార్మర్ మీద పిల్ల ఉంది కనుక దాన్ని కదపడానికి లేదు. సెన్సర్ తీగనే పొడిగించి, గది మధ్య గోడకు తొట్ల ఎత్తులో దించాలనుకున్నాను. దుమ్ము లేవకూడదు కాబట్టి గోడకు రంధ్రం వేయకుండా అంటించే క్లిప్పులు వాడాను. అరగంట ఏసీ ఆపాలని చెబితే సిస్టర్ తల్లులను పిలిచింది. మిగతా ఏడుగురు పిల్లలనూ వాళ్ల రొమ్ములకు ఆనించి, మీద గుడ్డ కట్టి, పక్క గదిలో వరసగా కూర్చోబెట్టింది.

నిచ్చెన మీంచి పక్క గది కిటికీ అద్దంలోంచి చూశాను. ఏడుగురు తల్లులు. మొగులమ్మ కళ్లు మూసుకుని ఊపిరి మెల్లగా తీస్తోంది. ఆమె ఊపిరికి పాప తల పైకీ కిందికీ కదులుతోంది. ముప్పై ఏళ్లు నేను గదుల ఉష్ణోగ్రతను పట్టి ఉంచే పని చేశాను. ఆ పని మీటరు లేకుండా, తీగ లేకుండా జరుగుతుంటే చూడటం అదే మొదలు.

పని ముగించి, గాలి తొట్ల మీద పడకుండా ఏసీ రెక్కలు పైకి తిప్పాను. గంటకు కంప్రెసర్ మొదటిసారి తనంతట తాను ఆగింది. మూల తొట్టి దగ్గర ఇరవై ఆరున్నర వచ్చింది. సిస్టర్ థర్మామీటరు వైపు చూడలేదు. పాదం తాకి, “గిప్పుడు మంచిగైంది” అంది.

మూడో రోజు ఫోను చేస్తే, పాప ఇరవై గ్రాములు పెరిగిందని చెప్పింది. నెల తిరగకముందే ఇంటికి పంపారు.

నా పాత రిపోర్టులు రెండూ తప్పని ఇంజనీరుకు రాసి పంపాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏ గదికి వెళ్లినా ముందు యంత్రాన్ని చూడలేదు. ఆ గదిలో రోజంతా ఉండేవాళ్లను అడిగాను, వాళ్లు ఉండే చోటే కొలిచాను. యంత్రం చూపే అంకె అది ఉన్న చోటుకే వర్తిస్తుంది.