మూడు రోజులు రావలసిన పెట్టె

మా చిన్నతనంలో బండి కట్టారంటే... ముందు ఎండుగడ్డి, దాని మీద బొంత, బొంత మీద మేమందరం. అమ్మ ఒళ్ళో ఇత్తడి మరచెంబు. పెద్దత్తయ్య వాళ్ళ ఊరికి తెల్లారగట్ల బయలుదేరితే పొద్దు వాలేవేళకి చేరేవాళ్ళం.

దారిలో ఏ తుమ్మచెట్టు కనబడినా బండి ఆగేది. నాన్న దిగేవాడు, బండి తోలే ఆయన దిగేవాడు, మేం పిల్లలం సరేసరి... అమ్మ మాత్రం దిగేది కాదు. మరచెంబు మూత తిప్పి అందరికీ నీళ్ళు పోసేది, మళ్ళీ మూత బిగించేసేది. నువ్వు తాగవా అంటే "నాకు దాహం లేదు నాయనా" అనేది. ఆడవాళ్ళకి దాహం తక్కువని నాన్న చెప్తే నిజమే కాబోలనుకున్నాను.

ఊరు చేరేసరికి అమ్మ పెదాలు అట్టకట్టుకుపోయి ఉండేవి. తలకి గుడ్డ బిగించుకుని పడుకునేది...

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఈస్టరు సెలవుల్లో ఐర్లండులో మాకు పట్టిన గతి చెప్పాలి.

నేనూ మా ఆవిడ రాజ్యం ఇక్కడ స్వోర్డ్స్ అనే ఊళ్ళో మా అమ్మాయి సుధ దగ్గర ఉంటున్నాం. అల్లుడు కిరణ్ డాక్టరు. సరదాపడి క్లాండాల్కిన్‌లో ఒక క్యాంపర్ వ్యాను అద్దెకి తెచ్చాడు. అందులో మంచాలు, గ్యాసు పొయ్యి, సామాన్లకి ప్రెస్సులు... ప్రెస్సంటే బట్టలు ఇస్త్రీ చేసేది కాదు, ఇక్కడివాళ్ళు అల్మారాని అలా అంటారు. సరే, ఆ ప్రెస్సుకి ఆనుకుని మరుగుదొడ్డి! పొయ్యికి మూరెడు దూరంలో!

మా ఇంట్లో దొడ్డి పెరటి చివర ఉండేది. వెళ్ళొచ్చి గోలెం దగ్గర కాళ్ళు కడుక్కోనిదే గడప తొక్కనిచ్చేవారు కాదు. ఇక్కడ పప్పులో పోపు వేస్తూ చెయ్యి చాస్తే ఆ తలుపు గొళ్ళెం తగులుతుంది... ఛీ!

ఆ దొడ్డి కింద ఒక ప్లాస్టిక్ పెట్టె. అందులో వాసన రాకుండా నీలం రంగు మందు పోసుకోవాలి, పెట్టె మూడు రోజులు వస్తుంది అని అద్దెకిచ్చినాయన చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఎర్రదీపం వెలిగింది. నిండిపోయింది! ఆయనది కాగితంతో తుడుచుకునేవాళ్ళ లెక్క. ఆ లెక్కలో చెంబు లేదు. మేమేమో ఇంట్లోంచి మగ్గు పట్టుకెళ్ళి ధారాళంగా పోసుకున్నాం.

"అంతా అత్తయ్యగారి శుభ్రం అండీ!" అని కిరణ్ నవ్వాడు.  రాజ్యం కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ కూర్చుంది.

ఆ పెట్టె ఒంపడానికి ప్రత్యేకంగా చోట్లుంటాయట. కిల్కెన్నీ దాటి, పొలాల మధ్య సన్నటి దారుల్లో వెతకడం మొదలుపెట్టాం. ఫోను చూపించిన మొదటి చోటు ఒక పెట్రోలు బంకు వెనకాల... పాడైందని కాగితం అంటించి తాళం వేశారు. రెండోది ఒక క్యాంపింగు మైదానం... ఇంకా తెరవనే లేదు. మలుపు తిరిగినప్పుడల్లా వెనకాల పెట్టెలో బుడుంగు బుడుంగుమని చప్పుడు.

దానికి తోడు రైతులు పొలాలకి స్లర్రీ కొడుతున్నారు. ఆవుల పేడా పంచితం కలిసిన చిక్కటి నీళ్ళు... ట్యాంకర్లతో ఎకరాలకి ఎకరాలు. అద్దాలు తెరిస్తే ఆవుల కంపు, మూస్తే మాది. 

"మామయ్యగారూ, వీళ్ళింత చల్లుతున్నారు, మన పెట్టెడు ఎవడికి తెలుస్తుంది? ఆ కాలవలో ఒంపేద్దామా?" అన్నాడు కిరణ్.

"ఆ నీళ్ళు ఆవులు తాగుతాయి. గార్డ్స్ పట్టుకుంటే హాస్పిటల్లో ఏం చెప్తావ్? డాక్టరువేనా నువ్వు?" అని సుధ కసిరింది. గార్డ్స్ అంటే ఇక్కడి పోలీసులు. కసిరి, వాళ్ళమ్మకి నీళ్ళ సీసా అందించింది. "అమ్మా, షుగర్ మాత్ర వేసుకున్నావు. పొద్దున్నించీ గుక్కెడు తాగలేదు."

"వద్దులేవే... నాకు దాహం లేదు."

నేను గబుక్కున అటు తిరిగాను. రాజ్యం పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. 

"కిరణ్, బండి ఆపు."

"ఇక్కడా? ఒంపే చోటు ఇంకా..."

"ఒంపే చోటు తర్వాత. ముందు మీ అత్తయ్యకి చోటు చూడాలి."

పొలం పక్కన ఇల్లుంటే, రాజ్యాన్ని పట్టుకుని నడిపించి తలుపు తట్టాను. రబ్బరు బూట్లతో ఒక పెద్దావిడ వచ్చింది. నా ఇంగ్లీషు బడిలో నేర్చింది కాదు, చిల్లర పుస్తకాల్లో ఏరుకున్నది... కంగారులో అదీ ఎగిరిపోయింది. "మై వైఫ్... టాయిలెట్... ప్లీజ్" అన్నాను. ఆవిడ రాజ్యం మొహం చూసి, "కమిన్, కమిన్, యూ ఆర్ గ్రాండ్!" అని మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఇక్కడ గ్రాండ్ అంటే ఏం ఫర్వాలేదని.

బయటికొచ్చాక రాజ్యం ఆ వంటింట్లో కూర్చుని గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగింది. ఆపైన టీ. మా పెట్టె సంగతి ఎత్తితే మాత్రం ఆవిడ ముక్కు చిట్లించింది. ఆ నీలం మందు వాళ్ళ సెప్టిక్ ట్యాంకుకి పనికిరాదట. పక్క ఊళ్ళో నది ఒడ్డున పడవలవాళ్ళు ఒంపే చోటుందని దారి చెప్పింది.

ఒంపాం. దాని గురించి ఎక్కువ రాయను, అన్నం ముందు కూర్చుని చదివేవాళ్ళుంటారు. ఆసుపత్రిలో ఎన్నో చూసిన మా అల్లుడు పొదల చాటుకి పరుగెత్తి డోక్కున్నాడని మాత్రం చెప్తాను.

తిరిగొస్తూ అడిగాను, ఎప్పటినుంచి బిగబట్టావని. నిన్న సాయంత్రం ఆగిన పెట్రోలు బంకులో వెళ్ళిందే ఆఖరట.

"మరి ఇందులో?"

"అట్టముక్కలాంటి తలుపు... ఇవతల అల్లుడు కాఫీ తాగుతూ కూర్చుంటే ఎలా వెళ్తానండీ? ఒక్కసారి కూడా వెళ్ళలేదు."

ఒక్కసారి కూడా! ఆ పెట్టె నింపింది మేం ముగ్గురం... మాట పడింది తను.  కిరణ్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "సారీ అత్తయ్యగారూ" అన్నాడు.

పెట్టె వాసన కన్నా ఇదే నాకెక్కువ రోత పుట్టించింది. రోడ్లు బాగుపడ్డాయి... బళ్ళలోకి మంచాలొచ్చాయి, పొయ్యిలొచ్చాయి, చివరికి దొడ్డి కూడా బండెక్కింది... ఆడమనిషి మాత్రం ఇంకా గొంతెండబెట్టుకునే ప్రయాణం చేస్తోంది.

మీ ఇళ్ళల్లో ఎలాగో కింద రాయండి... కానీ మీకు తెలుసనుకుని రాయకండి, ఇంట్లో ఆడవాళ్ళని అడిగి రాయండి.