మొలతాడు కింద మచ్చ

ఆ రోజు ఉదయం మావారు ఎండలోకి వెళ్లి కూర్చున్నారు. కడియంలో మాది పూలమొక్కల నర్సరీ. పెళ్లయి ఇరవై రెండేళ్లు, నర్సరీలో ఉన్నంతసేపు ఈ మనిషి షేడ్‌నెట్ నీడ వదిలి ఎండలో ఒక్క నిమిషం నిలబడటం నేను చూడలేదు. అలాంటిది లారీకి మొక్కలెక్కించే పని మధ్యలో వదిలేసి, నీళ్లతొట్టి గట్టు మీద, మొహాన ఎండ పడుతుంటే వణుకుతూ కూర్చున్నారు.

"ఏంటండీ, ఏమైంది?"

"ఏం లేదే సుజాతా, కాస్త చలేస్తోంది."

చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

మావారి సైకిల్ పిచ్చి గురించి ముందు చెప్పాలి. రెండేళ్ల కిందట షుగర్ బోర్డర్లో ఉందన్నారని గేర్ల సైకిల్ కొన్నారు. మొదట్లో కాలువగట్టు మీద ధవళేశ్వరం దాకా వెళ్లి వచ్చేవారు. అక్కడ ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే రాజు గారు పరిచయమయ్యారు. ఆయనదీ అదే పిచ్చి. "గట్టు మీద ఏముందండీ, అంతా బల్లపరుపు. కొండదారికి రండి, అసలు సరదా తెలుస్తుంది" అని ఊరించారు. అంతే, నాకు ఆదివారాలు లేకుండా పోయాయి.

వాళ్లు సైకిళ్లు వ్యాన్లో వేసుకుని వెళ్లేది రంపచోడవరం వైపు, రిజర్వాయర్ పక్కనున్న ఒక చిన్న ఊరికి. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు. కొండల మీద పశువులు నడిచి నడిచి పడిన సన్నదారులు. వాటిని వీళ్లు ట్రయల్స్ అంటారు. మళ్లీ ఒక్కోదానికి ఒక్కో పేరు. 'రాళ్ల జారుడు' అని ఒకటి, 'పనసచెట్టు దింపు' అని ఒకటి. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. మావారు ఆ దింపులో నిలబడి తొక్కుతూ, చిన్నపిల్లాడిలా కేకలేస్తూ వస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. అబద్ధమెందుకు, పైనుంచి ఆ నీళ్లు చూస్తే నాకూ కిందకి రాబుద్ధి కాలేదు. నడుమెత్తు గడ్డి అణగదొక్కి కూర్చుని, నేను కట్టుకెళ్లిన పులిహోర అందరం తిన్నాం.

ఎండలో కూర్చున్న ఆ రోజుకి, చివరిసారి కొండకి వెళ్లొచ్చి పదకొండు రోజులైంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

మా ఊళ్లో రక్తపరీక్ష చేయించాం. వైడల్ పాజిటివ్ వచ్చింది. టైఫాయిడ్ అన్నారు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడు పూటలా జావ తాగించాను. జ్వరం నూట మూడు నుంచి దిగదు. తలనొప్పి ఎంతంటే, గిన్నె చప్పుడైనా చెవులు మూసుకునేవారు.

మూడో రోజు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తున్నాను. నడుముకి కుడిపక్క, మొలతాడు కింద, వేలిగోరంత నల్లటి చెక్కు కనిపించింది. చుట్టూ ఎర్రగా ఉంది.

"ఇదేంటండీ? నొప్పిగా ఉందా?"

"ఎక్కడ? నాకు తెలీనే లేదే."

"మొలతాడు ఒరిసింది. అంత బిగించి కట్టుకోకండి మొర్రో అంటే వింటారా?" అని నాలుగు చివాట్లు పెట్టి, పసుపులో కొబ్బరినూనె కలిపి దట్టంగా రాశాను. మొలతాడు కాస్త పైకి జరిపాను. రోజూ రాశాను. నా మటుకు నేను మంచిపనే చేస్తున్నాననుకున్నాను.

ఆరో రోజు కళ్లు పచ్చబడ్డాయి. రాజమండ్రి తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చేర్చాం. డెంగీ నెగెటివ్. మలేరియా నెగెటివ్. ప్లేట్‌లెట్స్ నలభై వేలకి పడిపోయాయి. లివర్ ఎంజైమ్స్ పెరిగాయి. వయసులో చిన్నవాడే, చాలా నెమ్మదస్తుడైన డాక్టరు గారు వచ్చి మంచం పక్కన నిలబడి అడిగారు.

"ఈ మధ్య అడవి వైపు ఏమైనా వెళ్లారా అండీ?"

"అడవికెందుకెళ్తారండీ? మాది నర్సరీ" అన్నాను. నిజంగానే అన్నాను. రిజర్వాయర్ ఊరంటే నా లెక్కలో బోటింగూ, కాటేజీలూ, టీకొట్లూ. అది అడవని నాకు తోచలేదు.

"ఒంటి మీద ఎక్కడైనా నల్లమచ్చ, పుండు లాంటిది చూశారా అమ్మా?"

"లేదండి."

మావారు నోరు తెరిచేలోపు టకీమని నేనే చెప్పేశాను. డాక్టరు గారు చొక్కా ఎత్తి ఛాతీ, వీపు, చంకలు చూశారు. లుంగీ ముడి దగ్గర ఆగిపోయారు. అంత గట్టిగా 'లేదు' అని చెప్పాను మరి.

మర్నాటికి ఊపిరి అందడం లేదు. ఐసీయూలోకి మార్చి మొహానికి మాస్క్ బిగించారు. నన్ను బయటికి పిలిచారు. "లంగ్స్‌లో నీరు చేరుతోందమ్మా. యాంటీబయాటిక్ మార్చాం, అయినా రెస్పాన్స్ లేదు. అసలు ఇన్ఫెక్షన్ ఏంటో దొరకట్లేదు. సాయంత్రానికి ఇలాగే ఉంటే వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది."

నాకు ఏడుపు కూడా రాలేదు. వారం కిందట మొక్కలు మోసిన మనిషి! టైఫాయిడ్ అన్నారు కదా! టైఫాయిడ్‌కి ఊపిరి ఆగుతుందా?

స్కానింగ్‌కి తీసుకెళ్లేముందు సిస్టర్ కత్తెర పట్టుకుని వచ్చింది. మొలతాడుకి రాగి తాయెత్తు ఉంది, సీటీకి అడ్డం, తీసెయ్యాలంది. నాకు పూనకం వచ్చినట్టయింది. మా ఇళ్లలో మొలతాడు తెంపేది మనిషి పోయాకే. మా మామగారికి తెంపడం కళ్లారా చూశాను.

"ఏంటమ్మా నువ్వు! బతికున్న మనిషికి మొలతాడు తెంపుతావా? చెయ్యి తియ్యి!" అని కత్తెర లాక్కున్నాను. ఐసీయూ అంతా నావైపే చూసింది. డాక్టరు గారు పరిగెత్తుకొచ్చారు.

"ఏంటమ్మా ఇది? కత్తిరించొద్దంటే ముడి విప్పుతారు, జరుపుతారు. గొడవెందుకు?"

"జరపడానికీ లేదండి! అక్కడ అసలే ఒరిసిపోయి నల్లగా చెక్కు కట్టింది. మళ్లీ లాగితే రక్తం రాదూ?"

డాక్టరు గారు కదలకుండా నిలబడ్డారు.

"ఏమన్నారు? నల్లగానా?"

దుప్పటి తీశారు. నేను రాసిన పసుపు ఎండి అట్ట కట్టి ఉంది. తడిదూదితో తుడిచారు. ఒకసారి తుడిచారు, ఇంకోసారి తుడిచారు. కింద నల్లటి చెక్కు బయటపడింది.

"ఎస్కార్. ఇది ఎస్కార్ అమ్మా, పురుగు కుట్టినచోట పడే మచ్చ. స్క్రబ్ టైఫస్." సిస్టర్‌తో గబగబా ఏదో చెప్పి నావైపు తిరిగారు. కోపం లేదు ఆ మొహంలో. అదే నేను తట్టుకోలేకపోయాను. "నిన్న అడిగాను కదమ్మా, నల్లమచ్చ ఉందా అని."

"అది మచ్చ అనుకోలేదండి. మొలతాడు ఒరుపు అనుకున్నాను."

మచ్చని దాచింది నేను. అడిగితే లేదంది నేను. రోజుకోసారి దాని మీద పసుపు రాసింది ఈ చెయ్యే.

సిస్టర్ కత్తెర నా చేతిలోనే ఉంది. ఇంకెవరికీ ఇవ్వలేదు. నేనే వంగి, నా చేత్తోనే ఆ మొలతాడు కత్తిరించేశాను. తాయెత్తు కొంగున కట్టుకున్నాను.

వెంటనే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. సాయంత్రం వెంటిలేటర్ దాకా వెళ్లి ఆగాం. మర్నాడు ఆ జబ్బు తేల్చే ఐజీఎం పరీక్ష పాజిటివ్ వచ్చింది. రెండో రోజుకి జ్వరం దిగింది. ఎనిమిది రోజులు ఏడిపించిన జ్వరం అలా దిగిపోతే నమ్మబుద్ధి కాక మాటిమాటికీ నుదురు పట్టుకు చూశాను. ఆ తర్వాత డాక్టరు గారు తీరిగ్గా కూర్చుని చెప్పారు. గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని చిన్న పురుగు ఉంటుందట. ఒంటి మీదకి పాకి, బట్ట గాని తాడు గాని బిగుతుగా ఉన్నచోట ఆగి కుడుతుందట. నొప్పీ ఉండదు, దురదా ఉండదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పులిహోర మూట విప్పిన గడ్డి. జ్వరానికి ముందు చివరిసారి వెళ్లినప్పుడు కూడా అక్కడే కూర్చున్నారట.

నాలుగో రోజు మాస్క్ తీశారు. సంతోషంతో "ఏమండీ, ఎలా ఉంది?" అంటే నా పెదాల వంక చూస్తున్నారు. వినబడటం లేదు! "ఈ జబ్బులో కొందరికి ఇలా అవుతుందమ్మా, చాలామందికి మెల్లగా తిరిగొస్తుంది" అన్నారు డాక్టరు గారు. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా నేను తిట్టిన తిట్లన్నీ గాలికి పోయాయి. అన్నిటికీ బుద్ధిగా తలూపి "ఆయ్, అలాగే" అనేవారు.

ఇప్పుడు బాగున్నారు. ఇంటి మెట్లు ఎక్కడానికి ఆయాసపడిన మనిషి, మొన్నటి నుంచి మళ్లీ రిజర్వాయర్ చుట్టూ తొక్కుతున్నారు. వద్దని నేను అనలేదు. ఆ పైనుంచి నీళ్లు ఎలా ఉంటాయో నేనూ చూశాను కదా. కాళ్లకి పొడుగు సాక్సులు, పురుగులు రాకుండా క్రీము, గడ్డిలో కూర్చోవడం బంద్, ఇంటికి రాగానే స్నానం. రాజు గారైతే ఇప్పుడు వ్యాన్లో మడత కుర్చీలు వేసుకొస్తున్నారు.

నేను చెప్పేది ఒక్కటే. జ్వరంతో ఉన్న మనిషిని డాక్టరు గారు 'ఒంటి మీద ఏమైనా ఉందా' అని అడిగితే, ఉందనీ లేదనీ మీరు తీర్పు చెప్పకండి. సిగ్గుపడకుండా బట్టలు తీసి చూపించండి. ఒరుపో మచ్చో వాళ్లు తేల్చుకుంటారు. దాని మీద పసుపు మాత్రం రాయకండి.

పోయిన ఆదివారం కొండ నుంచి రాగానే, నేను అడక్కముందే మావారు చొక్కా ఎత్తి నిలబడ్డారు. "ఇదిగో, చూడవే." కొత్త మొలతాడు వదులుగా కట్టుకున్నారు, పాత తాయెత్తే. దాన్ని పక్కకి జరిపి వేలితో తడిమాను. చెక్కు రాలిపోయినచోట చిన్న గుంట ఉండిపోయింది. నా వేలికొస సరిగ్గా అందులో పడుతుంది.