విప్పిన కారుకు నాయన కట్టిన దారాలు

కారుకు ఎంత ధర చెప్పాలో తెలియక నేను నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. నడిచే కారైతే ఎవడైనా చెబుతాడు. నాది నడిచేది కాదు, నిలబడేది కూడా కాదు. మా పాత మగ్గం షెడ్డులో పద్నాలుగు గోనెసంచుల్లో, ఆరు ప్లాస్టిక్ డబ్బాల్లో, ఒక ఇనుప మంచం మీద పరిచి ఉన్న కారు. బాడీ ఒక్కటే ఇటుకల మీద కూర్చుని ఉండేది. టాపు లేని, రెండే సీట్లున్న, ముక్కు పొడుగాటి రేసు కారు అది. యాభై అరవై ఏళ్ల కిందట ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిందట.

కార్వేటినగరంలో ఒక పాత మిద్దె వెనకాల కొట్టంలో దాన్ని మొదటిసారి చూశాను. సీట్లో కోడి పొదుగుతూ ఉంది. కొన్నాక ఊరంతా "రాజావారి కారు" అని చెప్పుకు తిరిగాను. నిజానికి అది ఒక డాక్టరుగారిది, అమ్మిన వాళ్లే ఆ మాట చెప్పారు. రాజావారిదంటే నాకూ కాస్త గొప్పగా ఉంటుంది కదా! అవసరం లేకపోయినా అబద్ధమాడే గుణం నాకుందని ఇక్కడే చెప్పేస్తే మంచిది.

మాది నగరి పక్కన నేతగాళ్ల ఊరు. నేను శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు చూస్తాను. నాయనకు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒకే ఒక్క మరమగ్గం ఉండేది, దాని మీద లుంగీలు నేసేవాడు. ఎనిమిదేళ్ల కిందట కారు తెచ్చినప్పుడు దాన్ని పెట్టడానికి చోటు లేదు.

"ఈ మగ్గం మీద ఏం మిగల్తా ఉండాది నాయనా? తీసేద్దాం" అన్నాను.

నాయన ఆ రోజంతా మగ్గం ఆపకుండా నేశాడు. మర్నాడు పొద్దున మాత్రం, "సరేలేరా, నీ ముచ్చట నువ్వు తీర్సుకో" అన్నాడు. మగ్గంగా కొనేవాళ్లు దొరకలేదు. పాత ఇనుము వాడికి కిలోల లెక్కన వేశాం. తూకం వేసేటప్పుడు నాయన ఇంట్లో లేడు, టీ అంగడికి వెళ్లి కూర్చున్నాడు. "తా దూర కంత లేదంట, మెడకో డోలంట" అని మా ఆవిడ వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలాగే అంది. నాకు కోపం వచ్చింది గానీ సిగ్గు రాలేదు. సిగ్గు నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

పుత్తూరు నుంచి ఒక మెకానిక్కు ఆదివారాలు వచ్చి నాతో కలిసి కారు విప్పేవాడు. పని లేక నాయన కూడా వచ్చి పీట వేసుకుని కూర్చునేవాడు. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోతే కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాత పోగులకు అతకాలి. వేల పోగులు ఉంటాయి. ఒక్కటి పక్కదానితో కలిసినా గళ్లు చెడిపోతాయి. యాభై ఏళ్లు ఆ పని చేసిన చేతులు ఊరికే ఉంటాయా? మిగిలిపోయిన లుంగీ నూలు తెచ్చుకుని, ఊడిన ప్రతి ముక్కకూ నాయన ఒక దారం కట్టాడు. ఎడమ పక్కదైతే ఎరుపు, కుడి పక్కదైతే ఆకుపచ్చ, ఇంజనుదైతే నలుపు, గేరుబాక్సుదైతే తెలుపు. వరసలో ఎన్నోది ఊడితే అన్ని ముళ్లు. పది దాటితే ఒక పెద్ద ముడి.

మెకానిక్కు నవ్వాడు. "ఏం పెద్దాయనా, కారుకు మొలతాడు కడతా ఉండావా?"

నాయనా నవ్వాడు. "విప్పేది ఎవురైనా విప్పుతారప్పా. మళ్లా బిగించేటోనికి తెలియల్ల గదా."

బిగించేవాడు రాలేదు. మెకానిక్కు బెంగుళూరుకు వెళ్లిపోయాడు. నా ఉత్సాహం అంతకుముందే పోయింది. ఎవరైనా అడిగితే "పార్టులు రావాలి" అనేవాణ్ణి. ఎనిమిదేళ్లూ అదే మాట. నాయన ఆ ఎనిమిదేళ్లూ వేరేవాళ్ల షెడ్లకు వెళ్లి కూలికి పోగులు అతికాడు.

ఈ ఏడు శ్రావణమాసంలో ఒకరోజు అన్నం తింటూ నాయన అడిగాడు. "ఆ కారు ఎంతకు పోతాదిరా?"

ఎనిమిదేళ్లలో ఆ కారు గురించి ఆయన అడిగింది అదొక్కటే. నూలు ఇచ్చే షావుకారు ఒకాయన, సొంత మగ్గం ఉంటే పని ఇస్తానన్నాడట. "సేతులు ఆడినన్ని దినాలు నేస్తా. ఒకరి షెడ్డులో ఇంగ నిలబడలేకుండా ఉండానురా" అన్నాడు. పాత మగ్గం, మోటారు, బిగింపు అన్నీ కలిసి మూడు లక్షలవుతాయి. "కారు పోతానే మగ్గం వస్తాది నాయనా" అని మాట ఇచ్చాను. షెడ్డు నేలలో పాత మగ్గం కాళ్లు బిగించిన నాలుగు గుంతలు అలాగే ఉన్నాయి. మర్నాటి నుంచి నాయన రోజూ వాటిని ఊడ్చేవాడు.

ఇక ధర. పెట్టిన ఖర్చంతా కూడితే నాకే భయమేసింది. మెకానిక్కుకు ఫోను చేశాను. "నువ్వు పెట్టిన కర్సు నీ కర్మప్పా, అది ధర యాడైతాది?" అన్నాడు. తిరుపతిలో పాత కార్లు అమ్మే ఆయన వచ్చి చూసి, "బిగించింటే పది లచ్చలు, విప్పింటే పది వేలు" అని పకపకా నవ్వి కాఫీ తాగి పోయాడు. మగ్గాన్ని తూకానికి కొన్న పాత ఇనుము వాడు కూడా వచ్చాడు, పిలవకుండానే. "కిలో ఎంతకిస్తావన్నా?" అన్నాడు. వాణ్ణి తిట్టి పంపాను. ఆఖరికి ఇంటర్‌నెట్‌లో నాలుగు లక్షలని పెట్టాను. షెడ్డులో ఎలా ఉన్నవి అలాగే ఓ పదిహేను ఫోటోలు తీసి పెట్టాను.

మూడో రోజు చెన్నై నుంచి ఒకాయన ఫోను చేశాడు. రిటైరైన ఇంజనీరు. బేరమే ఆడలేదు! "ఫోటోలు చూశాను సార్. మీరు చెప్పిన ధరకు దగ్గర్లోనే తీసుకుంటాను. ఆదివారం వస్తాను" అన్నాడు. ఆ సాయంత్రమే నాయన ఏకాంబరకుప్పం వెళ్లి ఒక మగ్గం చూసి వచ్చాడు. వచ్చాక ఇంట్లో దాని గురించి ఒక గంట మాట్లాడాడు. ఆయన అంతసేపు మాట్లాడడం నేను చాలా ఏళ్లుగా వినలేదు.

శనివారం వచ్చింది. వెంకన్నకు ఇష్టమైన పెరటాసి నెల శనివారం కాబట్టి నాయన పొద్దున్నే నారాయణవనం గుడికి వెళ్లాడు. నేను షెడ్డు తలుపు తీసి, వచ్చే మనిషి కళ్లతో చూశాను. చెట్టుకు ముడుపులు కట్టినట్టు ఎక్కడ చూసినా దారాలే. ఎర్రవి, ఆకుపచ్చవి, గ్రీజు పట్టి, దుమ్ము పట్టి వేలాడుతున్నాయి. మా ఫ్యాక్టరీలో చిన్న స్క్రూకు కూడా తెల్లటి స్టిక్కరు, దాని మీద గీతల కోడు ఉంటాయి. చెన్నై ఇంజనీరు ఈ లుంగీ దారాలు చూసి ఏమనుకుంటాడు? పల్లెటూరి గొడ్లసావిడి అనుకోడా? నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ ఏమీ అనకముందే అయింది, అదీ నా తెలివి.

నాయన నూలు కత్తెరే తీసుకున్నాను. ఒక్కొక్క దారం కత్తిరించాను. ప్రతి ముక్కనూ డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట చక్కగా పేర్చాను. దారాలన్నీ ఒక గంపకు వచ్చాయి. వాటిని నీళ్లు కాగే పొయ్యిలో వేశాను. గ్రీజు ఉంది కదా, భగ్గున మండాయి. ఆ వేణ్నీళ్లే పోసుకున్నాను కూడా.

సాయంత్రం నాయన వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"దారాలు యాడరా?"

"శుభ్రం సేసినా నాయనా. రేపు పెద్దమనిషి వస్తా ఉండాడు గదా."

"రొంత ఉండనియ్యాల్సింది."

"నీకేం తెలుసు నాయనా ఇట్లాంటివి! ఊరకుండు" అని కసిరాను. ఆయన ఊఁ అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆదివారం పదింటికి చెన్నై ఆయన వచ్చాడు. పొట్టి మనిషి, చేతిలో చిన్న టార్చి. చెప్పులు గుమ్మం బయట విడిచి షెడ్డులోకి వచ్చాడు, గుళ్లోకి వచ్చినట్టు. రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి, ఫోను తీసి నేను పెట్టిన ఫోటో ఒకటి పెద్దది చేసి నాకు చూపించాడు. ఒక ఇనుప కడ్డీ, దానికి ఎర్రదారం, దారానికి మూడు ముళ్లు.

"ఇవి ఎవరు కట్టింది సార్?"

"మా నాయన" అన్నాను. గుమ్మం దగ్గర మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ నాయన వైపు ఆయన తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"నేను వచ్చింది దీని కోసమే. ఇలాంటి బళ్లు విప్పినవి ఎన్నో చూశాను. అన్నీ గుట్టలే. ఏది ఎక్కడిదో తెలిస్తేనే సార్ దానికి ధర. లేకపోతే ఇనుము." తలెత్తి చుట్టూ చూశాడు. "ఇప్పుడు ఎక్కడున్నాయి అవి?"

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నేనే తీశానండి, బుద్ధి లేక తీశాను అంటే పోయేది. ఆ క్షణంలో నాకు కనిపించింది ఆయన ముందు నా పరువు ఒక్కటే.

"నాయనే తీసేసినారు సార్. వయసైపోయింది కదా, ఈ మధ్య మతిమరుపు. చెత్త అనుకున్నారు."

అన్నాక నాయన వైపు చూడలేకపోయాను. నేల మీది గుంతను చూస్తూ నిలబడ్డాను. మజ్జిగ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అవును సామీ" అన్నాడు నాయన. "నేనే తీసేస్తి. మతి నిలవడంల్యా."

ఛీ! ఆ మాట విని కూడా నేను నోరు విప్పలేదు. భూమి చీలితే అందులోకి పోదామనిపించిందని అంటారు. నాకు అలా కూడా అనిపించలేదు. అమ్మయ్య, గట్టెక్కాను అనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పుడు ఒళ్లంతా తేళ్లు పాకుతున్నాయి.

ఇంజనీరు నేను పేర్చిన ముక్కలన్నీ కలియబెట్టి చూశాడు. ఫోటోల్లో పడిన దారాలు పన్నెండో పదమూడో. ముక్కలు ఏడు వందలకు పైనే. "లక్షన్నర కంటే పెట్టలేను, ఏమనుకోవద్దు" అన్నాడు. నేను బేరమాడబోయాను. నాయన నా చెయ్యి పట్టుకుని, "ఇచ్చెయ్ రా. ఆయనైనా బిగిస్తాడు" అన్నాడు. పెద్దాయనకు గుర్తున్నవి అడుగుతానని, ఆయనకు వేరే ఫోను లేదంటే నా నంబరుకే చేస్తానని ఇంజనీరు అన్నాడు. లారీలో సంచులు ఎక్కించాక నన్ను పక్కకు పిలిచి, మెల్లగా, "పెద్దాయన్ని ఏమీ అనకండి సార్. పాపం, తెలియక చేశారు" అన్నాడు. "ఛ ఛ, నేనెందుకంటాను" అన్నాను. ఆ మాట అన్నది కూడా నేనే.

మగ్గానికి మిగతా సగం నేను వేస్తానన్నాను. "పిల్లదాని ఫీజుండాది, వద్దులే" అన్నాడు నాయన. నేనూ గట్టిగా పట్టుపట్టలేదు. ఆ లోపల ఏకాంబరకుప్పం మగ్గం వేరేవాళ్లకు పోయింది. నాయన మళ్లీ కూలికే పోతున్నాడు. షెడ్డు ఖాళీగా ఉంది.

ప్రతి ఆదివారం చెన్నై నుంచి వీడియో కాల్ వస్తుంది. ఫోను నాదే కాబట్టి నేనే తీసి నాయనకిస్తాను. అవతల ఇంజనీరు ఒక్కొక్క ముక్కను తెర ముందు పెడతాడు. నాయన అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూస్తాడు. "రొంత తిప్పు సామీ. ఆఁ, అది ఎడమ పక్కది. దానికి నాలుగు ముళ్లు ఏసినా. దాని కింద సన్న వాషరు ఒకటి ఉండల్ల, సూడు." అవతల కాసేపు గలగలమని చప్పుడు. తర్వాత, దొరికిందండీ అని ఆయన సంతోషం. ఎనిమిదేళ్ల కిందట కట్టిన ముళ్లు. ఒక్కొక్కటీ నాయన వేళ్లలో అలాగే ఉన్నాయి. పక్క గదిలో కూర్చుని నేను అన్నీ వింటూ ఉంటాను.

పోయిన ఆదివారం నేను ఫోను తీయగానే ఇంజనీరు వెంటనే నాయనకివ్వమని అడగలేదు.

"ఇప్పటికి అరవై ముక్కల దాకా చెప్పారు మీ నాయనగారు. ఒక్కటి కూడా తప్పు కాలేదు" అన్నాడు. చేతిలోని ముక్కను కింద పెట్టాడు. "ఆయన మరిచిపోయే మనిషి కాదు సార్."

తెరలో ఆయన కళ్లు నన్నే చూస్తున్నాయి. నేనే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. తప్పయిందండీ, నేనే అని. వచ్చి అక్కడే నిలిచిపోయింది. నాయన మంచం మీంచి లేచి వచ్చి చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యిరా."

ఫోను తీసుకుని, దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని అన్నాడు: "ఆ ఒక్కనాడే నాకు మతి తప్పింది సామీ. ఇప్పుడు బాగుండాను. ఏదీ, ఆ ముక్క సూపించు."