సానరాయి మీద గుంట

మొన్న ఆదివారం మా మేనకోడలు తెనాలి నుంచి పొద్దుటి రైలుకు బాపట్ల వచ్చింది. కొత్తగా కాపురం పెట్టిన పిల్ల. కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా ఫోను నా ముందు పెట్టి, "అత్తా, జపాను కత్తి కొందామనుకుంటున్నా. ఈ మూడింట్లో ఏది బాగుంటుందో చెప్పవా," అంది. ఒకదాని మీద నీటి అలల్లాంటి గీతలు, ఒకదానికి నల్లటి నున్నని పిడి. మూడోది మా వంటింట్లో పన్నెండేళ్లుగా ఉన్నదానిలాగే ఏ అలంకారమూ లేనిది. అలలు కూరలు తరగవన్నాను. రోజూ వంటకు జానెడు కత్తి చాలు, పిడి నీ గుప్పిటకు కుదరాలి, కడిగిన వెంటనే తుడిచే ఓపిక లేకపోతే తుప్పు పట్టని ఉక్కే తీసుకో అని పెద్ద ఆరిందాలా చెప్పుకుంటూ పోయాను. అంతా విని, "అయితే వంకాయలు నీ కత్తితో నేనే తరుగుతా," అని లేచింది. అక్కడ దొరికిపోయాను. ముక్కలు కింద తెగక, పూలదండలా ఒకదానికొకటి పట్టుకుని వేలాడాయి. "ఇంత చెప్పావు, ఇదేంటత్తా ఇట్టా ఉంది?" అంటూ పక్కనున్న సానరాయి చేతిలోకి తీసుకుంది. మధ్యలో గుంట పడి ఉంది. గుంట పడిన రాయి మీద కత్తి అంచు సమంగా ఆనదని, దాన్ని అరగదీసి చదును చేసుకోవాలని తనూ ఎక్కడో చూసిందట. ఆ సంగతి నాకు మూడేళ్లుగా తెలుసు. చెయ్యలేకపోయాను.

ఆ గుంట మా అత్తగారిది. ఆవిడ పుట్టిల్లు రేపల్లె, చేపల వ్యాపారం ఉన్న ఇల్లు. చేపలకొకటి, కూరగాయలకొకటి, రెండు కత్తిపీటలతో కాపురానికి వచ్చిన మనిషి. పీటను కాలితో నొక్కిపెట్టి, నిలబడ్డ కత్తికి కాయను రెండు చేతులతో అందిస్తూ లోకం సంగతులన్నీ మాట్లాడేది. మాట ఆగేది కాదు, చెయ్యీ ఆగేది కాదు. దొండకాయ చక్రాలన్నీ ఒకే మందాన రాలిపడేవి. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి ఇంట్లో తరుగుడంతా ఆవిడదే. మోకాళ్లు అరిగి, తెనాలి డాక్టరు ఇక నేల మీద కూర్చోవద్దన్నాక, "మీరు కుర్చీలో కూర్చోండత్తయ్యగారూ, నేను చూసుకుంటాగా," అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆవిడకు మాత్రం అది ఉద్యోగం ఊడినట్టే అయింది. అన్నం సగానికి సగం తగ్గించేసింది. ఏమని అడిగితే, "కూర్చున్న మనిషికి ఆకలెందుకవుద్దమ్మా," అనేది.

ఆ రోజుల్లోనే ఓడ మీద ఇంజనీరుగా ఉన్న మా మరిది జపాను నుంచి ఈ కత్తీ, ఈ రాయీ తెచ్చాడు. పెట్టె తీసి తల్లి చేతికి అందించబోతే, "చేతికివ్వకురా, బల్ల మీద పెట్టు," అంది. కత్తి చేతి నుంచి చేతికి మారితే ఆ ఇద్దరికీ తగాదా వస్తుందని ఆవిడ నమ్మకం. మరిది నాకు నియమాలన్నీ అప్పజెప్పాడు. ముళ్ల మీద, కొబ్బరిచిప్ప మీద వెయ్యొద్దు, గ్రానైటు గట్టు మీద కాదు చెక్క మీదే తరగాలి, నెలకోసారైనా నూరాలి. మొదటివన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. నూరడం దగ్గర మాత్రం ఇంత ఖరీదైన వస్తువును నా చేతులతో పాడుచేస్తానేమోనని భయం. ఏడాది పాటు రాయికి నీళ్లే తగలనివ్వలేదు.

ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మా అత్తగారు బల్ల దగ్గర కూర్చుని, కత్తి పిడిని ఎడమచేత్తో బల్లకు అదిమిపెట్టి, అంచును తన వైపు తిప్పుకుని, బీరకాయను దాని మీదికి తోస్తోంది. కత్తిని కదపాలనే ఆలోచనే ఆ చేతులకు రాలేదు. నేను కేక వేసేలోపే కత్తి జారి బొటనవేలు తెగింది. కట్టు కట్టి, కత్తిని బీరువాలో పెట్టి తాళం వేస్తూ, "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ," అన్నాను. భయంతో అన్న మాటే. అయినా ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. మర్నాడు మెల్లగా వచ్చి, "తరగనులే. ఒకసారి చూసిస్తా," అంది. కత్తిని బల్ల మీద పెట్టాను. తీసుకుని అంచును గోటి మీద ఆనించి చూసి, నా మొహం వంక చూసింది. "మొద్దుబారిపోయిందమ్మాయ్. పదునుంటే జారేదే కాదు. దీన్నిట్టా ఉంచి నన్నంటావేంటి?"

ఆవిడ రాయిని నానబెట్టమంది. పుట్టింట్లో చేపల కత్తులు నూరి పెరిగిన చేయి అది, ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పెరటి వరండాలో కుర్చీ వేసుకుని, ముందు స్టూలు మీద తడిగుడ్డ పరిచి, దాని మీద రాయి పెట్టి, కత్తిని వాల్చి పట్టుకుని నూరింది. ఆ మధ్యాహ్నం పెరుగన్నం మారు వడ్డించమంది. ఇక ఎనిమిదేళ్లు తరగడం నాది, నూరడం ఆవిడది. కుర్చీలోంచే నా తరుగుడు చప్పుడు విని, "రేపు నూరాలమ్మాయ్," అనేది. చేయి దూరం సాగక రాయి మధ్యలోనే రాసేది. ఆ గుంటలో కూడా ఆవిడకు పదును వచ్చేది. ఆవిడ పోయాక ఈ మూడేళ్లూ అదే గుంటలో నేను నూరుతున్నాను, నాకు రావడం లేదు.

ఇదంతా విన్న మేనకోడలు, "అయితే దీన్ని దాచుకో అత్తా. ఇంకో రాయి కొనుక్కుందాం," అంది. పిల్ల మంచి మనసుతోనే అంది, అప్పట్లో నేను అన్నట్టే. రాయిని బీరువాలో కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. బజారు నుంచి ఎమరీ పేపరు తెప్పించి, వరండా గచ్చు మీద పరిచి, నీళ్లు చల్లి రాయిని బోర్లించి రుద్దాను. నాకు చేయి నొప్పి పుడితే తను, తనకు పుడితే నేను. బూడిదరంగు నీళ్లు మల్లె పాదులోకి పారుతుంటే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత నూరిన కత్తిని చెక్క మీద పెట్టాను, మేనకోడలు తీసుకుంది. వంకాయ ముక్కలు దేనికవి విడివిడిగా ఉప్పునీళ్లలో పడ్డాయి. ఎనిమిదేళ్లు పట్టి పడిన గుంట ముప్పావుగంటలో పోయింది. రాయి కాస్త పల్చబడింది, అంతే.