బొట్టు పెట్టిన కేబుల్

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు మొదటి నుంచి నవ్వే. అడవి నడుమ ఉన్న ఈ భోపాల్‌పట్నంకు కోడలిగా వచ్చినప్పటి నుంచి అడవి కథలు వినీ వినీ విసుగొచ్చింది. ఫలానా వాగు దగ్గర ఫలానాది కనబడిందని ఎవరన్నా అంటే, దానికి వేరే పని లేదా అని అడిగే మనిషిని నేను. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూసిన అంటలేను. చూసింది చూసినట్టు చెప్తున్న, అంతే.

మాది కిరాణా దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా ఆయన, ఆయన అన్న సత్యం బావగారు కలిసి నడిపేటోళ్ళు. బావగారి భార్య సరళక్క నాకు తోడికోడలు. పేరుకే తోడికోడలు, నాకు సొంత అక్క కంటే ఎక్కువ.

బావగారు నోరు తెరిస్తే ఆగని మనిషి. గిరాకీ ఏ ఊరి నుంచి వస్తే ఆ భాషల మాట్లాడేటోళ్ళు. హిందీ, గోండి, దోర్లి, ఏదైనా సరే. అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ ఒక్కసారే పోయినయ్. మాట మళ్ళీ రావచ్చు గానీ మాట్లాడాలన్న కోరిక ఆయనకు పుట్టాలని జగ్దల్‌పూర్‌ల డాక్టర్ చెప్పిండు. కోరిక ఎక్కడిది? ఆయన గోడ వైపు తిరిగి పండుకునేటోళ్ళు. అక్క మొహం వైపు కూడా చూసేటోళ్ళు కాదు.

ఆయనను గోడ నుంచి ఇటు తిప్పింది ఒక్కటే, టీవీకి పెట్టే ఆట డబ్బా, అదే వీడియో గేమ్. కిరందుల్ గనుల కాలనీల ఉండే చలపతిగారు బావగారికి పాత దోస్తు, ఆంధ్రా మనిషి. తన పాత డబ్బాను ఎప్పుడో బావగారికి ఇచ్చిండ్రు. ఇద్దరూ నెట్‌ల కలిసి క్రికెట్ ఆడేటోళ్ళు. జబ్బు చేసినంక ఫోన్ పట్టుకోరాదు గానీ, ఆట రిమోట్‌ను ఒళ్ళో పెడితే ఎడమ బొటనవేలితో ఆడగలిగిండ్రు. చలపతిగారు అవతల నుంచి మాట్లాడుతుంటే, ఈయన మైకున్న హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని "ఊ" అనేటోళ్ళు. ఆ ఒక్క ఊ కోసం అక్క పడ్డ కష్టం చూడాలె.

ఆ డబ్బాకు వైఫై చెడిపోయి చాలా కాలమైంది. విప్పి చూసినతను లోపల ముక్క కాలిపోయిందన్నడు. మా ఇంట్ల నెట్ అంటే దుకాణం కంప్యూటర్‌కు పెట్టే డాంగిల్ ఒక్కటే. అక్క ఆ కంప్యూటర్‌ను పైకి ఎక్కించి, బావగారి గది బయట పెట్టింది. హిందీ వీడియోలు చూసి చూసి, కంప్యూటర్‌కు వచ్చే నెట్‌ను కేబుల్‌తో డబ్బాకు ఎట్ల పంచాలో నేర్చుకుంది. కరెంటు పోయి వస్తే అది చెదిరిపోయేది. పొయ్యి మీది కూర దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి పెట్టేది. విసుక్కున్నది నేను ఒక్కనాడూ చూడలే. నేనైతే ఆ డబ్బాను ఇంద్రావతి నదిల విసిరేద్దును. నెట్ ఆఫీసు పెట్టక్కా, నేను గల్లా మీద కూసుంట అని ఎక్కిరిస్తే నవ్వి ఊరుకునేది.

అప్పుడు దసరా వచ్చింది. మా ఆయన జగ్దల్‌పూర్‌కు దసరా రథం చూడటానికి పోయిండు. ఇంట్ల మేం ముగ్గురమే. ఆయుధ పూజ నాడు మా ఇంట్ల ఒక పద్ధతి. తక్కెడ, కత్తెర, కుట్టు మిషన్, అన్నం పెట్టే ప్రతి వస్తువుకూ పసుపు, కుంకుమ పెడతం. బొట్టు పెట్టినంక తెల్లారేదాకా వాటిని ముట్టుకోం. అది వాటికి సెలవు. అక్క కంప్యూటర్ ప్లగ్గు పీకి, డాంగిల్ తీసి, కేబుల్ రెండు కొసలూ ఊడదీసి చుట్ట చుట్టి అక్కడే పూజ పీట మీద పెట్టింది. అన్నిటికీ బొట్టు పెట్టింది. ఆట రిమోట్‌కూ పెట్టి, బావగారి పక్కన ఉంచింది. డబ్బా కరెంటు ప్లగ్గు తీసుడు మాత్రం మరిచింది.

మధ్యాహ్నం అన్నాలైనంక అక్క ఆ పీట పక్కనే చాప మీద ఒరిగి నిద్రపోయింది. చీకటితోనే లేచి ఇల్లంతా కడిగిన మనిషి. నేను చాయ్ పట్టుకుని వచ్చేసరికి బావగారి గదిల ఏవో మాటలు వినబడ్డయ్.

టీవీల క్రికెట్ నడుస్తున్నది. తెర మీద చలపతిగారి పేరు ఉంది, స్కోరు కదులుతున్నది. బావగారు మైకు పెట్టుకుని ఉన్నరు, పెదవులు ఆడుతున్నయ్. నన్ను చూసి, రిమోట్ వదిలి, నోటి మీద వేలు పెట్టుకుని బయట పండుకున్న అక్క వైపు చూపించిండ్రు.

మాకు నీతులు చెప్పి తనే మడి తప్పిందే అనుకున్న. నిజం చెప్తున్న, నవ్వు కూడా వచ్చింది. కంప్యూటర్ దగ్గరికి పోయి చూసిన. ప్లగ్గు కింద వేలాడుతున్నది. డాంగిల్ పీట మీదే ఉంది. కేబుల్ చుట్ట చుట్టినట్టే ఉంది, దాని మీది కుంకుమ చెదరలే. చాయ్ గ్లాసు అక్కడే కింద పెట్టిన. మళ్ళీ గదిలకు పోయేసరికి టీవీ మీద నెట్ లేదని రాసి ఉంది. బావగారు కండ్లు మూసుకుని ఉన్నరు. ఆయన బొటనవేలికి కుంకుమ అంటింది.

అక్కను లేపలే. కిందికి దిగి చలపతిగారికి ఫోన్ చేసిన. నాది ఏదో భ్రమ అని ఆయనతో అనిపించుకుందామని. ఫోన్ ఎత్తగానే ఆయన ఏడుస్తున్నరు.

"మా వాడు మాట్లాడాడమ్మా" అన్నరు. "ఇప్పటిదాకా ఆడాం. నువ్వు విన్నావా?"

ఏం మాట్లాడిండ్రని అడిగిన. చెప్పిండ్రు. అక్క లేచినంక ఆ మాట ఆమెకు చెప్పిన. ఆమె పీట వైపు చూసింది, గది వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను తలుపు దగ్గరకేసిన. కాసేపటికి లోపల నుంచి బావగారి గొంతు, ముద్దగా, "సరళా" అని వినబడింది. ఆనాటి నుంచి ఒక్కొక్క మాటే వస్తున్నది.

తెలిసినోళ్ళందరినీ అడిగిన. పక్కింటి నెట్ పట్టుకుందేమో అన్నరు. వైఫై కాలిన డబ్బా దేంతోని పట్టుకుంటది? మొన్నటి దసరాకు కూడా అన్నీ అట్లనే ఊడదీసి, డబ్బా మాత్రం ప్లగ్గులనే ఉంచి చూసినం. నెట్ రాలే. బావగారు ఎడమ చేత్తో అక్కకు బొట్టు పెట్టి "పండుకో" అన్నరు. పొయ్యి మీద పప్పుందని అక్క గొణిగింది. నేను చూసుకుంట పొమ్మన్న.

ఆనాడు నెట్ ఎట్ల వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధమని ఎవరన్నా అంటే కొట్లాడను కూడా. కానీ చలపతిగారు ఫోన్‌ల చెప్పిన మాట మాత్రం నా చెవులల్ల అట్లనే ఉంది. అన్ని నెలల తర్వాత బావగారు మాట్లాడిన మొదటి మాట అది.

"మెల్లగ మాట్లాడు చలపతీ, సరళ పండుకుంది. ఇయ్యాల ఇంట్ల అన్నిటికీ సెలవిచ్చింది. ఆమెకు ఎవరిచ్చిండ్రు?"